ఇంజన్ ప్రశ్నలు, జవాబులు: షెర్మన్ ట్యాంకుకు టైమింగ్ పెట్టడం ఎలా?

ఈ శీర్షికకు మామూలుగా బుల్లెట్ బండి పొగ గురించో, ట్రాక్టర్ పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం గురించో ఉత్తరాలు వస్తాయి. ఈసారి అమెరికా నుంచి ఒక పాఠకుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకు ఇంజన్ గురించి రాశారు. నేను సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఈఎంఈ (సైన్యంలో బండ్లు, ట్యాంకులు రిపేరు చేసే విభాగం) ట్రైనింగ్ తీసుకుని, సర్వీసంతా ట్యాంకు వర్క్‌షాపుల్లోనే గడిపినవాణ్ణి. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే ఇంజన్ మీద రెండు వేసవులు పనిచేశాను కూడా. అందుకే ఆ ఉత్తరం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు, లేచి పాత నోటుబుక్కు వెతుక్కున్నాను. ఇదివరకు వచ్చి పక్కన ఉండిపోయిన మూడు ట్యాంకు ప్రశ్నలు కూడా ఉన్నాయి కాబట్టి, ఈ నెల పేజీలన్నీ వాటికే.

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, చాలా ఏళ్ళుగా మిషిగన్‌లో ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. శనివారాలు ఇక్కడ ఒక చిన్న మ్యూజియంలో పాత మిలిటరీ బండ్లు బాగుచేసేవాళ్ళతో కలిసి పనిచేస్తాను. మూడేళ్ళు కష్టపడి ఎం4ఏ1 షెర్మన్ ట్యాంకు ఇంజన్ విప్పి, కడిగి, రింగులూ గ్యాస్కెట్లూ మార్చి మళ్ళీ కట్టాం. కాంటినెంటల్ ఆర్975, తొమ్మిది సిలిండర్ల రేడియల్. ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండూ బిగించాం. స్టాండ్ మీద స్టార్టర్ కొడితే కార్బురేటర్‌లోంచి మంట కక్కుతోంది, అప్పుడప్పుడు ఎగ్జాస్ట్ వైపు కూడా పేలుతోంది, ఒక్క క్షణం కూడా అందుకోవడం లేదు. మాలో ఒకాయన వాల్వ్ టైమింగ్ తప్పిందంటున్నారు, ఇంకొకాయన మాగ్నెటో అంటున్నారు. మళ్ళీ మొత్తం విప్పాల్సిందేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: విప్పకండి. ముందు బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టండి, ఈ పని పూర్తయ్యేదాకా స్టార్టర్ జోలికి వెళ్ళవద్దు. కార్బురేటర్‌లోంచి మంట కక్కే ఇంజన్ మీద మళ్ళీ మళ్ళీ స్టార్టర్ కొడితే మంటలు అంటుకునే ప్రమాదం ఒకటి, కింది సిలిండర్లలో పెట్రోలు నిండే ప్రమాదం ఇంకొకటి. ఆ రెండోదాని గురించి తర్వాతి ప్రశ్నలో చెబుతాను. ఇక్కడినుంచి పనంతా చేత్తో తిప్పుతూ చేసేదే.

మిగతా పాఠకుల కోసం ఈ ఇంజన్ గురించి కొంచెం చెప్పాలి. ఇది పుట్టుకతో విమానం ఇంజన్. రైట్ కంపెనీ వర్ల్‌విండ్ కుటుంబంలోది, కాంటినెంటల్ వాళ్ళు లైసెన్సు తీసుకుని ట్యాంకుల కోసం తయారుచేశారు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానంలో ఉన్నదీ ఈ కుటుంబంలోని పాత ఇంజనే. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అమెరికా దగ్గర 30 టన్నుల ట్యాంకును లాగే ఇంజన్ వేరే ఏదీ సిద్ధంగా లేదు, దాంతో విమానానిది తెచ్చి ట్యాంకు వెనక భాగంలో నిలబెట్టారు. సిలిండర్ వ్యాసం 5 అంగుళాలు, స్ట్రోక్ 5.5 అంగుళాలు, మొత్తం 973 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 16 లీటర్లు, 2400 ఆర్‌పీఎం దగ్గర 400 హార్స్‌పవర్. నీళ్ళు లేవు, రేడియేటర్ లేదు, ఫ్లైవీల్‌కే పెద్ద ఫ్యాన్ ఉంటుంది. తొమ్మిది సిలిండర్లు చక్రంలో ఆకుల్లా ఉంటాయి కాబట్టి క్రాంక్ షాఫ్ట్ నేలకు బాగా ఎత్తులో పడుతుంది. గేర్‌బాక్స్ ఏమో ట్యాంకు ముందు భాగంలో ఉంది. ఈ రెండింటినీ కలిపే షాఫ్ట్ సిబ్బంది కాళ్ళ పక్కనుంచి ముందుకు పోవాలి. షెర్మన్ అంత ఎత్తుగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు మీ సమస్యకు వద్దాం. మీ ఉత్తరంలో నా కన్ను పడిన మాట "పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక" అన్నది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి కంప్రెషన్‌లో, ఇంకోసారి పొగ బయటకు తోసేసే స్ట్రోక్ చివర. మీరు రెండోదాని మీద మాగ్నెటో పెట్టి ఉంటే ప్రతి సిలిండర్‌లోనూ నిప్పురవ్వ సరిగ్గా 360 డిగ్రీలు తప్పి పడుతుంది. ఆ సమయానికి ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోలేదు, ఇన్‌టేక్ వాల్వ్ అప్పుడే తెరుచుకుంటోంది. మంట ఇన్‌టేక్ గొట్టంలోకి ఎగబడి కార్బురేటర్ నోట్లోంచి బయటికి వస్తుంది. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే.

పరీక్షించడం తేలిక. అన్ని సిలిండర్ల ప్లగ్‌లూ తీసేయండి, సిలిండర్‌కు రెండు చొప్పున పద్దెనిమిదీ. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి, ఇంకొకరిని ఇంజన్ తిరిగే దిశలో ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పమనండి. వేలిని గాలి తోసేస్తే అది కంప్రెషన్. ఆ సిలిండర్ రాకర్ కవర్లు కూడా తీసి చూడండి, కంప్రెషన్ టాప్‌లో రెండు రాకర్లూ (వాల్వులను నొక్కి తెరిచే చేతులు) వదులుగా, చేతికి కొంచెం ఆడుతూ ఉండాలి. ఒక్కటి బిగుసుకుని ఉన్నా మీరున్నది వేరే టాప్ మీద. మా ట్రైనింగ్‌లో ఒక ముసలి హవల్దార్ ఉండేవాడు, కుర్రాళ్ళ చేత కళ్ళు మూయించి మరీ ఇంజన్ తిప్పించేవాడు, ఏ సిలిండర్ కంప్రెషన్‌లోకి వస్తోందో చేతికి తెలిసేదాకా వదిలేవాడు కాదు. అప్పట్లో విసుగొచ్చేది. ఈరోజు నాకు ఇంజన్ల గురించి తెలిసినదాంట్లో సగం ఆ చేతి వల్ల తెలిసిందే.

కంప్రెషన్ టాప్ దొరికింది అనుకుందాం. అయినా కంటితో చూసి "ఇదే టాప్" అనుకోవద్దు. టాప్ దగ్గర క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు, అక్కడ కన్నూ, ప్లగ్ రంధ్రంలో పెట్టి చూసే పుల్లా రెండూ మోసపోతాయి. ఫ్లైవీల్‌కు డిగ్రీల చక్రం బిగించి, ప్లగ్ రంధ్రంలో పిస్టన్‌ను టాప్‌కు ముందే ఆపే అడ్డు ఒకటి పెట్టండి. పాత ప్లగ్ లోపలి పింగాణీ తీసేసి దానికి బోల్టు బిగిస్తే చాలు, చివర గుండ్రంగా అరగదీయండి. ఒక వైపునుంచి మెల్లగా తిప్పి పిస్టన్ అడ్డుకు తగిలిన చోట గుర్తు పెట్టండి, తర్వాత రెండో వైపునుంచి తిప్పి తగిలిన చోట ఇంకో గుర్తు. రెంటికీ సరిగ్గా మధ్య అసలు టాప్.

ఇక్కడ రేడియల్‌కు మాత్రమే ఉన్న ఒక మెలిక ఉంది. మన కారు ఇంజన్‌లో ప్రతి పిస్టన్ రాడ్డూ నేరుగా క్రాంక్ పిన్‌కే పట్టుకుని ఉంటుంది. రేడియల్‌లో ఒక్క మాస్టర్ రాడ్ మాత్రమే అలా ఉంటుంది, మిగతా ఎనిమిది లింక్ రాడ్లు ఆ మాస్టర్ రాడ్ తలకాయ చుట్టూ ఉన్న పిన్నులకు పట్టుకుని ఉంటాయి. ఆ పిన్నులు క్రాంక్‌తో పాటు అచ్చమైన వలయంలో తిరగవు, కొంచెం కోలగా తిరుగుతాయి. అందువల్ల లెక్క ప్రకారం 720ని 9తో భాగిస్తే వచ్చే 80 డిగ్రీలకు ఒక్కో సిలిండర్ టాప్‌కు రావాలి, నిజంగా కొలిస్తే ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక వస్తుంది. ఇది చూసి లోపల రాడ్డు వంగిందేమోనని కంగారు పడినవాళ్ళను నేను చూశాను. వంగలేదు, దాని నిర్మాణమే అంత. మాన్యువల్ ఏ సిలిండర్‌కు డిగ్రీలు ఇచ్చిందో ఆ సిలిండర్ మీదే టైమింగ్ పెట్టాలి, దగ్గరగా ఉందని ఇంకో సిలిండర్ మీద అవే డిగ్రీలు పెట్టకూడదు. ఎం4, ఎం4ఏ1 ట్యాంకులకు అమెరికా సైన్యం వేసిన మాన్యువల్ టీఎం 9-731ఏ, దాని నకళ్ళు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంజన్ మీదున్న రేకు ప్లేటును కూడా తుడిచి చదవండి. అడ్వాన్స్, అంటే టాప్‌కు ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పడాలి అన్నది ఎవరో చెప్పగా విని పెట్టవద్దు, నేను చెప్పినా సరే.

ఇక మాగ్నెటో. దాన్ని ఇంజన్‌కు బిగించకముందే బల్ల మీద పెట్టి లోపలి టైమింగ్ చూసుకోవాలి, చాలామంది ఇది వదిలేస్తారు. లోపల అయస్కాంతం ఒక స్థానం దాటి కొన్ని డిగ్రీలు తిరిగాక పాయింట్లు, అంటే కరెంటును తెంచే చిన్న స్విచ్ కొనలు, తెరుచుకోవాలి, అప్పుడే రవ్వ బలంగా వస్తుంది. పాయింట్ల గ్యాప్ మారితే ఆ క్షణం కూడా మారిపోతుంది, ఇంజన్ టైమింగ్ సరిగ్గా ఉన్నా రవ్వ నీరసంగా ఉంటుంది. అందుకే ముందు గ్యాప్, తర్వాత లోపలి గుర్తులు, ఆ తర్వాతే ఇంజన్.

క్రాంక్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో అడ్వాన్స్ గుర్తుకు బాగా వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ తిరిగే దిశలోనే నెమ్మదిగా గుర్తు దాకా తీసుకురండి. గుర్తు దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టుకోకూడదు, పళ్ళ మధ్య ఉన్న ఖాళీ అంతా టైమింగ్‌లోకి వచ్చేస్తుంది. మళ్ళీ బాగా వెనక్కి వెళ్ళి రావాల్సిందే. ఓపిక కావాలి. గుర్తు దగ్గర ఆగాక, మాగ్నెటో లోపలి గుర్తు ఒకటో సిలిండర్‌కు ఎదురుగా ఉండేలా పెట్టి బిగించి, పాయింట్లు అప్పుడే విడిపోయే క్షణానికి సరిచేయండి. రెండో మాగ్నెటో కూడా అలాగే. ఒకటి ముందు వరుస ప్లగ్‌లను, ఇంకోటి వెనక వరుస ప్లగ్‌లను మండిస్తుంది, రెండింటి పాయింట్లూ మాన్యువల్ చెప్పినట్టు కలిసి తెరుచుకోవాలి.

ఆ క్షణాన్ని పట్టుకోవడానికి మీవాళ్ళు మల్టీమీటర్ బీప్ వాడి ఉంటారని నా అనుమానం. అది పనికిరాదు. పాయింట్లకు అడ్డంగా మాగ్నెటో కాయిల్ చుట్ట ఉంటుంది, దాని నిరోధం ఎంత తక్కువంటే పాయింట్లు తెరిచినా మూసినా మీటర్‌కు ఒకేలా కనిపిస్తుంది. విమాన మెకానిక్‌లు వాడే రెండు దీపాల టైమింగ్ పెట్టె కొనండి, లేదా అరువు తెచ్చుకోండి. ఇంకో విషయం, ఈ పని చేసేటప్పుడు మాగ్నెటో స్విచ్ ఆన్‌లో ఉండాలి, ఆఫ్‌లో ఉంటే కాయిల్ బాడీకి కలిసిపోయి దీపం మారనే మారదు. స్విచ్ ఆన్‌లో ఉన్న మాగ్నెటో ఇంజన్‌ను చేత్తో తిప్పినా రవ్వ కొడుతుంది. ప్లగ్‌లన్నీ తీసేయమని మొదటే చెప్పింది అందుకే, వైర్ల కొసలు ఎవరి చేతికీ తగలకుండా కట్టి పెట్టండి.

అన్నీ అయ్యాక వైర్లు. ఇక్కడ తప్పు చేయనివాళ్ళు తక్కువ. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-5-7-9-2-4-6-8. మాగ్నెటోలో రవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద వేసిన 1, 2, 3 అంకెలు సిలిండర్ నంబర్లు కావు, రవ్వ వచ్చే వరస. అంటే డిస్ట్రిబ్యూటర్ 2వ రంధ్రం వైరు 3వ సిలిండర్‌కు, 3వది 5వ సిలిండర్‌కు, 4వది 7కు, 5వది 9కి, 6వది 2కు, 7వది 4కు, 8వది 6కు, 9వది 8కి పోవాలి. అంకె చూసి అంకెకు కలిపేస్తే ఒక్క ఒకటో సిలిండర్ తప్ప మిగతావన్నీ తప్పు. కార్బురేటర్‌తో పాటు ఎగ్జాస్ట్‌లో కూడా పేలుతోంది అన్నారు కదా, కాబట్టి ఇదీ చూడండి. రెండు తప్పులూ ఒకేసారి చేసిన బృందం ఒకటి నాకు తెలుసు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లక్షణం మారకపోతే అప్పుడు వాల్వ్ టైమింగ్. రేడియల్‌లో మామూలు క్యామ్ షాఫ్ట్ ఉండదు, గాజులాంటి క్యామ్ రింగు ఉంటుంది. తొమ్మిది సిలిండర్ల ఇంజన్‌లో నాలుగు గుబ్బల రింగు క్రాంక్‌కు ఎదురు దిశలో, క్రాంక్ వేగంలో ఎనిమిదో వంతుతో తిరుగుతుంది. ఐదు గుబ్బలైతే అదే దిశలో పదో వంతు. నాలుగు గుబ్బలతో తొమ్మిది వాల్వులు వరస తప్పకుండా తెరుచుకోవడం కాగితం మీద గీసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు, పిల్లలుంటే వాళ్ళతో కలిసి గీయండి, చాలా బాగుంటుంది. ఈ రింగు అంత నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గేర్లు కలిపేటప్పుడు ఒక్క పన్ను తప్పినా వాల్వులు తెరుచుకునే వేళ మొత్తం మారిపోతుంది. పరీక్షకు మళ్ళీ ఇంజన్ విప్పక్కర్లేదు. ఒకటో సిలిండర్ టాపెట్ గ్యాప్‌ను (వాల్వుకు, రాకర్‌కు మధ్య ఖాళీని) మాన్యువల్ చెప్పిన పరీక్ష కొలతకు పెట్టి, ఇన్‌టేక్ వాల్వ్ ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతోందో డయల్ గేజ్‌తో చూడండి. మాన్యువల్ అంకెకు దగ్గరగా ఉంటే రింగు సరిగ్గా ఉన్నట్టే. తర్వాత గ్యాప్‌ను మళ్ళీ నడిచే కొలతకు మార్చడం మరిచిపోవద్దు, ఒక కాగితం మీద రాసి ఇంజన్‌కు కట్టుకోండి. మీ గొడవలో నా ఓటు మాగ్నెటో అన్నాయనకే.

స్టార్ట్ చేసే రోజు, ప్లగ్‌లు పెట్టకముందే బయటినుంచి ఒత్తిడితో ఆయిల్ ఎక్కించి, చేత్తో తిప్పుతూ గేజ్ కదిలేదాకా ఆగండి. కొత్త రింగులు, ఆరిపోయిన బేరింగులు, వీటిమీద మొదటి అర నిమిషమే అసలు అరుగుదల. అగ్నిమాపక సిలిండర్లతో ఇద్దరు నిలబడాలి. అందుకోగానే ఆయిల్ ప్రెషర్ చూడండి, అర నిమిషంలో రాకపోతే ఆపేయండి. వేడెక్కాక స్విచ్‌ను ఒక్కో మాగ్నెటో మీదికి మార్చి చూడండి, రెండింటి మీదా ఆర్‌పీఎం కొద్దిగా, ఇంచుమించు సమానంగా తగ్గాలి. ఒకదాని మీద బాగా పడిపోతే ఆ వరుస ప్లగ్‌లనో, వైర్లనో, మాగ్నెటోనో చూసుకోవాలి.

ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. మేం ఒక షాపులో బాగుచేయించి తెచ్చిన మాగ్నెటో బల్ల మీద అద్భుతంగా రవ్వ కొట్టింది. ఇంజన్ స్టార్ట్ అయ్యేది, ఇరవై నిమిషాలు నడిచేది, ఆపితే మళ్ళీ స్టార్ట్ అయ్యేది కాదు. కార్బురేటర్ మూడుసార్లు విప్పాం, మూడు రోజులు పోయాయి. తప్పంతా కాయిల్‌ది. లోపల పాత లక్క పూత వేడికి కరిగి చుట్లు కలిసిపోతున్నాయి, చల్లారాక మళ్ళీ బాగుంటోంది. కొత్త కాయిల్ వేసి తెచ్చామని వాళ్ళు చెప్పారు, విప్పితే పాతదే. కాబట్టి మాగ్నెటోను వేడిచేసి కూడా పరీక్షించమని అడగండి, మీ కళ్ళ ముందు.

ప్రశ్న: సర్, మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా తాతయ్య మిలిటరీలో ట్యాంకుల రిపేరు పనిలో ఉండేవారట. షెర్మన్ ట్యాంకు స్టార్ట్ చేసేముందు రోజూ హ్యాండిల్ వేసి యాభై తిప్పులు తిప్పేవాళ్ళమని, చేతులు పడిపోయేవని చెప్పేవారు. స్టార్టర్ మోటారు ఉండగా ఎందుకు తిప్పాలి? ఆయన ఇప్పుడు లేరు, అడగడానికి.

జవాబు: అమ్మా, మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం, ఆయన పనిచేసింది రేడియల్ ఇంజన్ షెర్మన్ మీదే అయ్యుండాలి. షెర్మన్‌లో వేరే ఇంజన్లు కూడా ఉండేవి. ఎం4ఏ2లో జంట డీజిల్, ఎం4ఏ3లో ఫోర్డ్ వీ8, ఎం4ఏ4లో అయితే ఐదు కారు ఇంజన్లను ఒకదాని చుట్టూ ఒకటి కలిపి ముప్ఫై సిలిండర్లతో చేసిన క్రైస్లర్ ఇంజన్. ఈ చాకిరీ మాత్రం రేడియల్‌దే.

చక్రంలా ఉన్న ఆ సిలిండర్లలో ఒకటోది నిట్టనిలువుగా పైన ఉంటే, 5, 6 నంబర్లవి దాదాపు తలకిందులుగా అడుగున ఉంటాయి, వాటికి కొంచెం పైన 4, 7. ఇంజన్ ఆపాక లోపల మిగిలిన ఆయిల్ మెల్లగా జారి, పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆ కింది సిలిండర్ల తలల్లోకి చేరుతుంది. ఆయిల్‌నైనా, పైన చెప్పిన పెట్రోలునైనా గాలిలాగా నొక్కలేం. వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ కిందికి వస్తుంటే మధ్యలో చిక్కిన ఆయిల్ రాయిలా అడ్డుపడుతుంది. స్టార్టర్ మోటారుకు అది తెలియదు, తన బలమంతా పెట్టి తిప్పేస్తుంది, రాడ్డు వంగుతుంది. కొన్నిసార్లు అప్పుడే విరగదు, వంగిన రాడ్డుతోనే ఇంజన్ స్టార్ట్ అయి, ఎన్నో గంటలు నడిచాక ఒక్కసారిగా తెగి కేసును చీల్చుకుని బయటికి వస్తుంది. మనిషి చేతికి అయితే బిగుసుకున్న సంగతి వెంటనే తెలుస్తుంది. హ్యాండిల్‌కు, క్రాంక్‌కు మధ్య గేర్లు ఉన్నాయి కాబట్టి హ్యాండిల్ అన్నిసార్లు తిప్పితేనే ఇంజన్ రెండు చుట్లు పూర్తిగా తిరిగి, తొమ్మిది సిలిండర్లూ ఒకసారి కంప్రెషన్ దాటుతాయి. యాభై అన్న లెక్క అందుకే.

బిగుసుకున్నప్పుడు ఏం చేయాలో కూడా రాస్తాను, ఎందుకంటే ఇది తెలియక ఈ రోజుల్లో కూడా ఇంజన్లు పోతున్నాయి. వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే ఆ ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి కూర్చుంటుంది, చేతికి అంతా వదులైనట్టే ఉంటుంది, స్టార్ట్ చేసిన మరుక్షణం సిలిండర్ దాన్ని మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. కింది సిలిండర్ల ప్లగ్ తీసి, ఆయిల్ మొత్తం కారిపోనిచ్చి, అప్పుడు ముందుకే తిప్పాలి.

మీ తాతగారు ఏ రెజిమెంట్‌తో ఉన్నారో సర్వీసు కాగితాల్లో ఉంటుంది, వెతకండి. మన ప్రాంతానికి ఇందులో ఒక బంధం ఉంది. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానపు గుర్రపు దళంగా మొదలైన డెక్కన్ హార్స్ రెజిమెంటు 1945లో బర్మాలో మెయిక్టిలా దగ్గర షెర్మన్‌లతోనే పోరాడింది. మళ్ళీ ఇరవై ఏళ్ళకు, 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ సైన్యపు కొత్త ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచినప్పుడు కూడా డెక్కన్ హార్స్ దగ్గరున్నవి షెర్మన్‌లే. అంత పాత బండ్లు యుద్ధం నాడు కదిలాయంటే, పేరు ఎక్కడా రాయని మీ తాతగారిలాంటి వర్క్‌షాపు మనుషుల పని అది. ఆయన చెప్పినవి మీకు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాసి పెట్టమ్మా, తేదీలు లేకపోయినా పర్వాలేదు.

ప్రశ్న: మా ఊరి కూడలిలో దిమ్మె మీద ఒక పాత ట్యాంకు పెట్టారు. యువజన సంఘం తరఫున దాన్ని మళ్ళీ నడిచేలా చేయాలని మాకు కోరిక. ఎంత ఖర్చవుతుంది?

జవాబు: మీ ఉత్సాహం నాకు నచ్చింది, కానీ ఆ పనికి దిగవద్దు. అలా ప్రదర్శనకు ఇచ్చే ట్యాంకులను ఇచ్చేముందే పనిచేయకుండా చేస్తారు, లోపలి భాగాలు చాలావరకు ఉండవు, మూతలకు వెల్డింగ్ కొట్టి ఉంటుంది. ఆస్తి కూడా మీ సంఘానిది కాదు. మీరు చేయగలిగిన మంచి పని వేరే ఉంది. మున్సిపాలిటీ అనుమతి రాయించుకుని, వానాకాలానికి ముందు లోపల నీళ్ళు నిలవకుండా అడుగు రంధ్రాలు శుభ్రం చేయండి, తుప్పు గీకి ప్రైమర్ కొట్టి రంగు వేయండి, గొలుసు పట్టాల్లో ఇరుక్కున్న చెత్త తీయండి. అది ఏ ట్యాంకో, ఎక్కడ తయారైందో తెలుగులో ఒక బోర్డు పెట్టండి. అది విజయంత అయితే మద్రాసు పక్కన ఆవడిలో తయారైనది, టీ-55 అయితే సోవియట్ రూపకల్పన. పిల్లలు ఆగి చదువుతారు.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, మెకానికల్. డీజిల్ ట్యాంకుల్లో ప్లగ్, మాగ్నెటో ఉండవు కదా, మరి వాటికి టైమింగ్ అంటే ఏమిటి సార్?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. డీజిల్‌లో రవ్వకు బదులు ఇంజెక్షన్. పిస్టన్ టాప్‌కు ఎన్ని డిగ్రీల ముందు డీజిల్ చిమ్మడం మొదలవ్వాలి అన్నదే దాని టైమింగ్. ముందుగా పడితే ఇంజన్ సుత్తితో కొట్టినట్టు మోగుతుంది, ఆలస్యమైతే నల్లపొగ, వేడి, బలం ఉండదు.

ట్యాంకు డీజిళ్ళలో అందరికంటే పేరున్నది సోవియట్ వీ-2. సోవియట్ టీ-34 ట్యాంకులో ఉన్నది అదే, 12 సిలిండర్లు, 38.8 లీటర్లు, 500 హార్స్‌పవర్. దాని వంశమే పెరుగుతూ టీ-55 మీదుగా టీ-72 దాకా వచ్చింది, మన సైన్యంలోని టీ-72లో 780 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ దాని మనవడే. బ్యాటరీ చచ్చిపోయినా సీసాల్లో నింపిన గాలిని సిలిండర్లలోకి వదిలి స్టార్ట్ చేసే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. పైన రేడియల్‌లో మాస్టర్ రాడ్, లింక్ రాడ్ అని చెప్పాను చూశావా, వీ-2లో కూడా ఒక వరుస రాడ్లకు రెండో వరుస రాడ్లు పిన్నుతో తగిలి ఉంటాయి. దానివల్ల ఒక వైపు స్ట్రోక్ 180 మిల్లీమీటర్లయితే ఇంకో వైపు 186.7. ఒకే ఇంజన్‌లో రెండు స్ట్రోకులు! పరీక్షలో ఎవరైనా అడిగితే చెప్పు.

టైమింగ్ చూసే పద్ధతి చాలా అందమైనది. ఇంజెక్షన్ పంపులో ఒకటో సిలిండర్‌కు పోయే గొట్టం విప్పి, అక్కడ సన్నటి గాజు గొట్టం నిలబెడతారు. పంపులో గాలి లేకుండా తీసేసి, గాజులో కొంచెం డీజిల్ నిలిచేలా చేసి, క్రాంక్‌ను చేత్తో చీమ నడకలా తిప్పుతారు. డీజిల్ మట్టం మొదటిసారి కదిలిన క్షణంలో ఆగి, ఫ్లైవీల్ మీద డిగ్రీలు చదువుతారు.

దీనికి ట్యాంకు అక్కర్లేదు. మీ ఇంట్లోనో పక్క పొలంలోనో ఒక్క సిలిండర్ పాత డీజిల్ మోటారు ఉంటే పెద్దవాళ్ళను అడిగి దాని మీద చెయ్యి. ముందు వాల్వును తెరిచి ఉంచే డికంప్రెషన్ లివర్ ఎత్తి పది చుట్లు చేత్తో తిప్పు, ఎక్కడ బరువు వస్తోందో చూడు, తర్వాత లివర్ దించి మెల్లగా తిప్పి కంప్రెషన్ టాప్ కనుక్కో. అప్పుడు గాజు గొట్టం పెట్టి మూడుసార్లు కొలువు, మూడుసార్లూ ఒకే చోట ఆగాలి. ఫ్లైవీల్ మీద ఎన్ని డిగ్రీలు వచ్చాయో, ఆ మోటారు ప్లేటు మీద ఎన్ని ఉన్నాయో రెండూ రాసి నాకు పంపు.